మతిమరుపుతో పుట్టిన వెబ్‌కు జ్ఞాపకం నేర్పిన ముప్పై అయిదేళ్ళు

జెనీవా శివార్లలోని సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ 1991 నాటికి వాడుకలోకి తెచ్చిన, వెబ్ పేజీలు అడిగి తెచ్చుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీ తొలిరూపం ఒక్క వరుసతో నడిచేది. బ్రౌజర్ ‘గెట్’ అని రాసి, పక్కన కావలసిన ఫైలు దారి చెబుతుంది. సర్వర్ ఆ పేజీ పంపి కనెక్షన్ తెంచేస్తుంది. అంతే. అడిగిందెవరో రాసుకోదు. అదే మనిషి మరుక్షణం ఇంకో పేజీ అడిగినా సర్వర్‌కు అతను కొత్తవాడే. ఫైళ్ళు పంపుకోవడానికి అంతకుముందున్న ఎఫ్‌టీపీ పద్ధతి ఇలా కాదు. అందులో లాగిన్ అవ్వాలి, ఫోల్డర్లు మారాలి, పనయ్యాక సెలవు తీసుకోవాలి. అప్పటిదాకా సర్వర్ మన కోసం కొంత మెమరీ పట్టి ఉంచాలి. బెర్నర్స్-లీ ఆ భారం వద్దనుకున్నాడు. వెబ్ ప్రపంచమంతా పాకడానికి ఉన్న సాంకేతిక కారణాల్లో నా లెక్కన ఇదే పెద్దది. ఎవరినీ గుర్తుపెట్టుకోని సర్వర్‌కు మెమరీ నిండదు. కరెంటు పోయి వచ్చినా ఎవరి పనీ మధ్యలో ఆగదు. దానికి రీసెట్ అన్న మాటే అక్కర్లేదు.

ఆ మతిమరుపును మందు వేసి మాన్పింది మనమే. సరుకు కొనాలి, డబ్బు కట్టాలి, టికెట్ తియ్యాలి, దరఖాస్తు నింపాలి అనుకున్న రోజు నుంచి వచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకోక తప్పలేదు. ఎవరి వివరం ఎక్కడ ఉంచాలి, దాన్ని ఎప్పుడు ఎలా చెరపాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే వెబ్ సర్వర్ల చరిత్ర తిరిగింది. మొదటి ప్రశ్న మీద ఇంజనీర్లు పెట్టిన తెలివిలో సగం కూడా రెండోదాని మీద పెట్టలేదు. దాని ఫలితం ఇవాళ్టికీ అనుభవిస్తున్నాం.

1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రం సీజీఐ అనే పద్ధతి తెచ్చింది. పేజీలో ఫారం నింపి పంపితే సర్వర్ ఒక ప్రోగ్రామ్‌ను లేపుతుంది. అది జవాబు రాసి చనిపోతుంది. అలా నడిచే ప్రోగ్రామే ప్రాసెస్. ఇంకొకరు వస్తే ఇంకో ప్రాసెస్. విస్తట్లో భోజనం లాంటిది ఈ ఏర్పాటు: తిన్నాక విస్తరి తీసి పారేస్తాం, కడిగే పని ఉండదు. ప్రోగ్రామ్ రాసినవాడు మెమరీ వాడి తిరిగి ఇవ్వడం మరచినా నష్టం లేదు, ప్రాసెస్ పోగానే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం వెనక్కి తీసుకుంటుంది. కాకపోతే ప్రతి క్లిక్కుకూ ఒక ప్రాసెస్‌ను పుట్టించి చంపడం ఖరీదైన పని. రద్దీ పెరిగే కొద్దీ సర్వర్లు పుట్టించడంలోనే అలసిపోయాయి. అందుకని 1996 ప్రాంతంలో ఫాస్ట్‌సీజీఐ, మాడ్-పెర్ల్ వచ్చాయి. ప్రాసెస్ చావకుండా కూర్చుని ఒకరి తర్వాత ఒకరికి జవాబు చెబుతుంది. వేగం వచ్చింది. కిందటివాడి వివరాలు తర్వాతివాడికి అంటకుండా శుభ్రం చేసుకునే బాధ్యత కూడా అప్పుడే వచ్చింది.

ఈలోపు 1994 వేసవిలో కాలిఫోర్నియాలో వెబ్ గతిని మార్చిన పని ఇంకొకటి జరిగింది. త్వరలో నెట్‌స్కేప్ పేరు పెట్టుకోబోతున్న కంపెనీలో లూ మాంటూలి ఇంజనీరు. ఎంసీఐ అనే టెలికాం సంస్థకు ఆన్‌లైన్ అంగడి కట్టిపెట్టాలి. సగం కొని ఆపేసిన ఖాతాదారుల వివరాలు తమ సర్వర్లలో పేరుకుపోవడం ఆ సంస్థకు ఇష్టం లేదు. అయితే ఆ వివరాన్ని కొనేవాడి కంప్యూటర్లోనే దాచి, వచ్చినప్పుడల్లా వాడి చేతే తెప్పించుకుందాం అన్నాడు మాంటూలి. అదే కుకీ. ఆ ఏడాది అక్టోబరు 13న విడుదలైన నెట్‌స్కేప్ బీటాలో అది ఉంది. గమనించండి, కుకీ పుట్టుకకు మూలం సర్వర్ మెమరీ పొదుపు. మన వెంట తిరిగే ప్రకటనల వ్యాపారం దానిమీద తర్వాత పెరిగిన కలుపు.

నెట్‌స్కేప్ రాసిన తొలి నిబంధనల్లో పొదుపు బుద్ధి కనిపిస్తుంది. ఒక్కో కుకీ 4 కిలోబైట్లు మించకూడదు, ఒక్కో సైటుకు 20, బ్రౌజర్ మొత్తానికి 300. చెరిపే పద్ధతి మాత్రం వింతగా ఉంటుంది. కుకీని తీసెయ్యమని చెప్పే ఆదేశమేదీ ఆ నిబంధనల్లో లేదు. చెరపాలంటే సర్వర్ అదే పేరుతో ఇంకో కుకీ పంపుతుంది, దాని గడువు ఎప్పుడో గడిచిపోయిన తేదీగా వేస్తుంది. సాధారణంగా 1970 జనవరి 1. అది చూసి బ్రౌజర్ ఆ కుకీని పారేస్తుంది. కుకీల ప్రమాణం 1997లో, 2000లో, 2011లో మళ్ళీ మళ్ళీ రాశారు. గడువు తీర్చి చెరిపే ఆ పద్ధతి మాత్రం మారలేదు. ఇవాళ మీరు ఏ సైటులో లాగౌట్ నొక్కినా చాలాసార్లు తెరవెనక జరిగేది ఈ 1970 నాటి తేదీ వేయడమే.

నాలుగు కిలోబైట్లలో ఎంతని కుక్కుతారు? పైగా కొనేవాడి కంప్యూటర్లో ఉన్న ధరను వాడే దిద్దుకుని పంపితే? అందుకని కుకీలో ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంచి, అసలు వివరం సర్వర్ మెమరీలోనే పెట్టడం మొదలుపెట్టారు. 1996 చివర్లో మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ, 1997లో సన్ కంపెనీ జావా సర్వ్‌లెట్లు, 2000 మేలో పీహెచ్‌పీ 4 ఈ సదుపాయాన్ని ప్రోగ్రామర్ చేతిలో పెట్టాయి. దాని పేరు సెషన్. మన హైదరాబాద్‌లో ఒక తరం ఉద్యోగాలు తెచ్చుకుంది ఈ మెట్టు మీదుగానే. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా చదివినవాళ్ళెవరిని అడిగినా చెబుతారు: సెషన్ ట్రాకింగ్ పద్ధతులు నాలుగు. కుకీలు, హిడెన్ ఫారం ఫీల్డులు, యూఆర్ఎల్ రీరైటింగ్, హెచ్‌టీటీపీ సెషన్. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్న అది. సెషన్‌లో విలువ ఎలా పెట్టాలో అందరికీ నోటికొచ్చేది. దాన్ని ఎప్పుడు తీసెయ్యాలన్నది మాత్రం నోట్సులో ఒక్క వాక్యంతో ముగిసేది.

ఆ ఒక్క వాక్యం బరువెంతో లెక్క వేసి చూద్దాం. ఒక్కో సెషన్‌లో 100 కిలోబైట్ల వివరం పెట్టారనుకోండి. వెతుకులాట ఫలితాలన్నీ సెషన్‌లో పడేస్తే అది తేలికగా అవుతుంది. జావా అప్లికేషన్లు నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో సెషన్ గడువు మామూలుగా 30 నిమిషాలు. అరగంటలో పదివేలమంది వచ్చి, చూసి, బ్రౌజర్ మూసేసి వెళ్ళిపోయినా సర్వర్‌కు వాళ్ళు వెళ్ళినట్టు తెలియదు. గడువు తీరేదాకా ఆ పదివేల సెషన్లు మెమరీలోనే ఉంటాయి. దాదాపు ఒక గిగాబైట్. 32-బిట్ జావాకు రెండు గిగాబైట్లు ఇవ్వడమే గగనమైన 2000ల తొలినాళ్ళలో ఇది సర్వర్‌ను పడగొట్టడానికి చాలు. గడువు తగ్గిస్తే జనం ఫారం నింపుతుండగానే బయటికి పోతారు. పెంచితే మెమరీ నిండుతుంది. ఏఎస్‌పీ డాట్ నెట్ 20 నిమిషాలని, పీహెచ్‌పీ 1,440 సెకన్లని, అంటే 24 నిమిషాలని పెట్టాయి. ఈ అంకెల వెనక శాస్త్రమేమీ లేదు, అంచనా తప్ప.

పీహెచ్‌పీ దారి కొంచెం వేరు. రాస్ముస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన ఆ భాష సీజీఐ గుణాన్ని వదల్లేదు. పేజీ తయారయ్యాక స్క్రిప్టు వాడిన మెమరీ మొత్తం ఖాళీ చేస్తుంది, తర్వాతి పేజీ మళ్ళీ మొదటినుంచి. సెషన్ వివరం డిస్కు మీద చిన్న ఫైల్లో ఉంటుంది. మరి పాత ఫైళ్ళను ఎవరు ఊడుస్తారు? ఇక్కడ ఒక లాటరీ ఉంది. సెషన్ తెరిచిన ప్రతిసారీ నూటికి ఒక వంతు అవకాశంతో ఊడ్చే పని నడుస్తుంది. రద్దీ ఉన్న సైటులో చీపురు తరచుగా తిరుగుతుంది, ఎవరూ రాని సైటులో గడువు తీరిన సెషన్ ఫైలు రోజుల తరబడి అలాగే పడి ఉంటుంది. ఈ లాటరీ నమ్మలేక డెబియన్ లినక్స్ వాళ్ళు దాన్ని ఆపేసి, ఊడ్చే పని విడిగా, వేళ ప్రకారం పనులు నడిపే క్రాన్‌కు అప్పగించారు. వాళ్ళు చేసింది మంచి పని.

మెమరీ దానంతటదే శుభ్రం కావాలన్న కోరిక వెబ్ కంటే చాలా పాతది. లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ గార్బేజ్ కలెక్షన్ ఆలోచనను 1960లో అచ్చువేశాడు. ఎవరూ పట్టుకోని వస్తువును వెతికి పారేయడం దాని సూత్రం. జావా ఆ సూత్రాన్ని సర్వర్ల లోకానికి తెచ్చినప్పుడు ఇక మెమరీ గొడవ తీరిందనుకున్నారు. తీరలేదు. అక్కర్లేని వస్తువును ఎవరో ఒకరు మరచిపోయి పట్టుకునే ఉంటే అది చెత్త కిందికి రాదు. దీనికి పర్మ్‌జెన్ ఎర్రర్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2000ల్లో జావా సపోర్టు ఉద్యోగం చేసినవాళ్ళకు ఆ పేరు వింటే నిద్ర పట్టదు. సర్వర్ ఆపకుండా అప్లికేషన్ కొత్త రూపాన్ని ఎక్కిస్తారు. పాత రూపం తాలూకు వందల క్లాసులు, అంటే కోడ్ ముక్కలు, పోవాలి. కానీ డేటాబేస్ డ్రైవరో, ప్రాసెస్ లోపల విడిగా నడుస్తూ ఎక్కడో వదిలేసిన ఒక థ్రెడ్డో వాటిలో ఒక్కదాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ ఒక్కటి తనను ఎక్కించిన క్లాస్‌లోడర్‌ను, ఆ క్లాస్‌లోడర్ మిగిలిన అన్నింటినీ పట్టుకుంటాయి. నాలుగైదు సార్లు ఎక్కించేసరికి క్లాసులకు కేటాయించిన పర్మ్‌జెన్ అనే చోటు నిండి సర్వర్ కూలిపోతుంది. 2014 మార్చిలో వచ్చిన జావా 8 ఆ చోటును తీసేసి మెటాస్పేస్ అనే పెరిగే చోటు ఇచ్చింది. ఎర్రర్ పేరు మారింది, కారకుడైన థ్రెడ్ మాత్రం ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు.

ఊడ్చడానికీ ఖర్చు ఉంటుందని 2017లో ఇన్‌స్టాగ్రామ్ ఇంజనీర్లు చూపించారు. వాళ్ళ సర్వర్లలో ఒక తల్లి ప్రాసెస్, దాన్నుంచి పుట్టిన చాలా పిల్ల ప్రాసెస్‌లు. మార్పు లేనంతవరకు అందరూ ఒకే మెమరీ పేజీలను పంచుకుంటారు. పైథాన్ గార్బేజ్ కలెక్టర్ వెతుకుతూ ఒక్కో వస్తువు తలమీద గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు పెట్టడమే ఒక మార్పు కాబట్టి ఆ పేజీకి వేరే ప్రతి తయారవుతుంది. మెమరీని కాపాడవలసిందే మెమరీని తింటోందన్నమాట. కలెక్టర్‌ను ఆపేశారు, సర్వర్లు పది శాతం మెరుగ్గా నడిచాయి.

ఇన్ని తెలిసినా సర్వర్ నడిపేవాళ్ళ దగ్గర చివరికి మిగిలిన మందు ఒకటే: ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. కానీ దానికి గౌరవనీయమైన చరిత్ర ఉంది. అపాచీ సర్వర్‌లో ఫలానా సంఖ్యలో అభ్యర్థనలు పూర్తి చేశాక పిల్ల ప్రాసెస్‌ను చంపి కొత్తదాన్ని పుట్టించే అమరిక తొలినాళ్ళ నుంచీ ఉంది. వాడిన మెమరీ తిరిగి ఇవ్వని లీకు ఉంటే ఉండనీ, ప్రాసెస్ ఆయుష్షే తక్కువైతే లీకు పెరిగే వ్యవధి ఉండదన్నది ఆలోచన. విండోస్ సర్వర్ 2003తో వచ్చిన మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ 6 అయితే ఏమీ అడగకుండానే ప్రతి 1,740 నిమిషాలకు, అంటే 29 గంటలకు, అప్లికేషన్‌ను తిరిగి మొదలుపెడుతుంది. 24 అని పెడితే రోజూ ఒకే సమయానికి, ఒక్కోచోట సరిగ్గా రద్దీవేళకే పడుతుంది. 29 అయితే రోజుకు అయిదు గంటలు జరుగుతూ పోతుంది. కొత్త ప్రాసెస్ లేచి నిలబడ్డాకే పాతది చేతిలో పని ముగించుకుని తప్పుకుంటుంది. చక్కటి ఏర్పాటు. ఒక్కటే లోపం: సెషన్లను ప్రాసెస్ మెమరీలోనే ఉంచినవాళ్ళ ఖాతాదారులు ఆ క్షణాన లాగౌట్ అయిపోతారు. సెషన్లను విడి సర్వర్‌లోనో డేటాబేస్‌లోనో పెట్టే వీలు మైక్రోసాఫ్ట్ 2002లోనే ఇచ్చింది. ఏమీ మార్చకపోతే పడే అమరిక మాత్రం ప్రాసెస్ మెమరీయే. ఎక్కువమంది ఏమీ మార్చలేదు.

రీస్టార్ట్ చేయకపోతే ఏమవుతుందో వెబ్ బయటి చరిత్ర చెబుతుంది. విండోస్ 95, 98లలో మిల్లీసెకన్లు లెక్కించే 32-బిట్ లెక్క 49.7 రోజులకు నిండిపోయి యంత్రం బిగుసుకుపోయేది. అది నవ్వుకుని వదిలేసే సంగతి. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో జరిగింది అలాంటిది కాదు. అక్కడి పేట్రియాట్ క్షిపణి కేంద్రం దాదాపు వంద గంటలు ఆపకుండా నడిచింది. కాలాన్ని లెక్కించడంలో దొర్లే అతి చిన్న దోషం గంటగంటకూ కూడి మూడోవంతు సెకను అయింది. వస్తున్న స్కడ్ క్షిపణి కోసం రాడార్ తప్పు చోట వెతికింది. ఆ క్షిపణి పడి 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. చాలాసేపు నడిపితే గురి తప్పవచ్చని నాలుగు రోజుల ముందే హెచ్చరిక వెళ్ళింది, చాలాసేపంటే ఎంతో అందులో చెప్పలేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మరునాడు చేరింది.

నడిచే కొద్దీ సాఫ్ట్‌వేర్ ముసలిదవుతుందన్న సంగతిని ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్ పరిశోధకులు 1995లో శాస్త్రంగా నిలబెట్టారు. యెన్నన్ హువాంగ్, చంద్ర కింతల, వాళ్ళ సహచరులు రాసిన పత్రం దానికి సాఫ్ట్‌వేర్ పునర్యవ్వనం అనదగిన పేరు పెట్టింది. కూలిపోయేదాకా ఆగకుండా, రద్దీ లేని వేళ చూసి మనమే ఆపి శుభ్రంగా మొదలుపెడితే నష్టం ఎంత తగ్గుతుందో లెక్క కట్టి చూపారు. 2003లో స్టాన్‌ఫర్డ్‌లో జార్జ్ కాండియా, అర్మాండో ఫాక్స్ ఇంకా ముందుకెళ్ళారు. ప్రోగ్రామ్‌ను మర్యాదగా ఆపే దారి ఒకటి, కూలితే లేపే దారి ఇంకొకటి ఎందుకు? కూల్చడమే ఆపే పద్ధతి, కోలుకోవడమే మొదలుపెట్టే పద్ధతి అయ్యేలా రాస్తే పోతుంది కదా అన్నారు. అందుకు షరతు ఒకటే. పోకూడని వివరమేదీ ఆ ప్రాసెస్ మెమరీలో ఉండకూడదు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే మాట ఇదే.

ఆ షరతు నెరవేరడానికి కావలసిన పరికరాలు అప్పటికే పుడుతున్నాయి. అదే 2003లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు నడుపుతున్న బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ మెమ్‌క్యాష్‌డ్ రాశాడు. చాలా యంత్రాల్లో మిగిలిపోయిన మెమరీని ఒకచోట చేర్చి డేటాబేస్ ముందు నిలబెట్టే సర్వర్ అది. చోటు చాలకపోతే చాలాకాలంగా ఎవరూ అడగని వస్తువును అడక్కుండానే పారేస్తుంది. 2009లో సిసిలీకి చెందిన సాల్వటోర్ శాన్‌ఫిలిప్పో రెడిస్ తెచ్చాడు. అందులో ఏ వివరానికైనా పెట్టేటప్పుడే ఆయుష్షు రాయవచ్చు, డిస్కు మీద ప్రతి కూడా ఉంచుకోవచ్చు. గడువు తీరినవాటిని ఏరడానికి రెడిస్ చాలాకాలం సెకనుకు పదిసార్లు లేచి, ఇరవై వివరాలను యథాలాపంగా తీసి చూసేది. వాటిలో నాలుగోవంతు కంటే ఎక్కువ గడువు తీరినవైతే మళ్ళీ తీసేది, తక్కువైతే ఊరుకునేది. పీహెచ్‌పీ లాటరీకి ఇది బుద్ధి తెచ్చుకున్న రూపం.

దాచే చోటు విడిగా పెట్టినంత మాత్రాన చెరపడం తేలికైపోలేదు. 2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్ రెండున్నర గంటలు మూతపడింది. డేటాబేస్ ముందుండే క్యాష్‌లో తప్పు విలువ కనిపిస్తే దాన్ని చెరిపి డేటాబేస్ నుంచి సరైనది తెచ్చుకునే ఏర్పాటు వాళ్ళకుంది. ఆ రోజు డేటాబేస్‌లో ఉన్న అసలు విలువే తప్పు. ప్రతి సర్వరూ చెరిపింది, ప్రతి సర్వరూ డేటాబేస్ మీద పడింది. ఆ బరువుకు డేటాబేస్ జవాబు ఇవ్వలేకపోతే ఆ వైఫల్యాన్ని కూడా తప్పు విలువగా లెక్కేసి మళ్ళీ చెరిపాయి. చివరికి జనాన్నంతా బయటే ఆపి, డేటాబేస్‌కు ఊపిరి అందాక కొద్దికొద్దిగా లోపలికి వదిలారు. ఒక్కసారిగా చెరిపేస్తే ఆ తర్వాత ఏం జరుగుతుందో ముందే లెక్క వేసుకోని రీసెట్ ఎంత పని చేస్తుందో అందరూ నేర్చుకున్న రోజు అది.

ఈలోగా సిద్ధాంతం వైపు నుంచి గాలి మళ్ళింది. సర్వర్ ఎవరి వివరమూ మోయకూడదని రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ గ్రంథంలో వాదించాడు. 2011లో హెరోకు కంపెనీకి చెందిన ఆడమ్ విగ్గిన్స్ రాసిన పన్నెండు సూత్రాలు దాన్నే రోజువారీ నియమంగా మార్చాయి. ప్రాసెస్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ 2013లో, వాటిని పర్యవేక్షించే కుబర్నెటిస్ 2014లో వచ్చాక సర్వర్ ప్రాసెస్ అనేది ఏ క్షణాన్నైనా పోగల వస్తువైంది. కేటాయించిన మెమరీ దాటితే 137 అనే సంఖ్య నమోదు చేసి చంపేస్తారు, పక్కనే ఇంకోటి లేస్తుంది. అభ్యర్థన వచ్చినప్పుడే ప్రోగ్రామ్‌ను లేపే లాంబ్డాను అమెజాన్ 2014 నవంబరులో ప్రకటించింది; దాన్ని చూస్తే 1993 నాటి సీజీఐ కొత్త బట్టలు వేసుకుని వచ్చినట్టే ఉంటుంది. ఈ ఊపులో కొందరు సెషనే వద్దని, సంతకం చేసిన టోకెన్‌ను మనిషి చేతికే ఇచ్చేయడం మొదలుపెట్టారు. సర్వర్ దగ్గర ఏమీ ఉండదు. మరి ఆ టోకెన్ దొంగ చేతిలో పడితే గడువులోపు రద్దు చేయడమెలా? రద్దయిన టోకెన్ల జాబితా ఒకటి సర్వర్ దగ్గర పెట్టుకోవాలి. తిరిగి తిరిగి సెషన్ దగ్గరికే వచ్చారు. బ్యాంకు లాంటి చోట టోకెన్ మీదే ఆధారపడటం పొరపాటని నా అభిప్రాయం.

బ్రౌజర్ వైపు కథ వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది. 2004లో జీమెయిల్ వచ్చాక పేజీ మారకుండా గంటల తరబడి ఒకే ట్యాబ్‌లో పని సాగింది, సర్వర్లకున్న మెమరీ జబ్బులన్నీ ఇంటి కంప్యూటర్‌కూ వచ్చాయి. పేజీని మళ్ళీ తెరిచే ఎఫ్5 నొక్కితే చాలావరకు పోతాయి. అప్లికేషన్ బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో రాసుకున్నది మాత్రం అలా పోదు. కాల్ సెంటర్లు ముందుగా క్యాష్, కుకీలు క్లియర్ చెయ్యమని చెప్పేది ఇందుకే.

మెమరీ తప్పిదం కోట్లమంది లాగిన్ స్థితిని ఎలా తాకుతుందో 2014 ఏప్రిల్ 7న ప్రపంచం చూసింది. సర్వర్ల సంభాషణను రహస్యంగా ఉంచే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం అది. ‘బతికే ఉన్నావా’ అని పలకరించే సందేశంలో, పంపిన మాట పొడవెంతో పంపినవాడే చెబుతాడు. ఒక్క అక్షరం పంపి 64 కిలోబైట్లు పంపానని అబద్ధమాడితే సర్వర్ నమ్మి, ఆ పక్కనున్న తన మెమరీలోంచి అంత మేర తిరిగి పంపేది. అందులో ఏముంటే అది వెళ్ళిపోయేది: పాస్‌వర్డ్, కుకీ, ఒక్కోసారి సర్వర్ రహస్య తాళం. విడుదల చేసిన మెమరీ చెరిగిపోయిన మెమరీ కాదని ఇంత కఠినంగా నేర్పిన ఘటన ఇంకోటి లేదు. లోపం సరిదిద్దితే సరిపోలేదు. తాళాలు మార్చాలి, సెషన్లన్నీ రద్దు చేయాలి, పాస్‌వర్డ్‌లు మార్పించాలి. నాలుగేళ్ళ తర్వాత, 2018 సెప్టెంబరులో, దొంగిలించిన టోకెన్ల భయంతో ఫేస్‌బుక్ సుమారు 9 కోట్లమందిని ఒక్కసారిగా లాగౌట్ చేసింది.

2021 మార్చిలో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో జరిగింది చిన్నదే గానీ, మెమరీ పొదుపూ రీసెట్టూ ఒకేచోట కలిసిన సంఘటన. ఒక వినియోగదారు తన ఖాతాలో లాగిన్ అయితే మరొకరి పేరుతో తెరుచుకుంది. కారణం వెతికితే యూనికార్న్ అనే సర్వర్‌లో దొరికింది. అది ఒక్కో అభ్యర్థన వివరాలు ఉంచే పట్టికను ప్రతిసారీ కొత్తగా తయారుచేయదు. మెమరీ ఆదా కోసం పాతదాన్నే ఖాళీ చేసి మళ్ళీ వాడుతుంది. ఒక ప్రాసెస్ ఒకసారి ఒక్కరికే జవాబు చెబుతుంది కాబట్టి ప్రమాదం లేదనుకున్నారు. తర్వాత గిట్‌హబ్ ఇంజనీర్లు ఆ ప్రాసెస్‌లో వెనకాల నడిచే ఒక థ్రెడ్‌ను చేర్చారు. అది కిందటి అభ్యర్థన పట్టికను ఇంకా పట్టుకుని ఉండగానే అందులో తర్వాతి మనిషి వివరాలు వచ్చి చేరాయి. మొత్తం సెషన్లలో 0.001 శాతం కంటే తక్కువకే ఇలా జరిగింది. అయినా మార్చి 8న అందరి సెషన్లూ రద్దు చేశారు. ఏది చెడిందో నిశ్చయంగా తెలియనప్పుడు అన్నీ చెరిపేయడమే సరైన పని. ఆ ధైర్యం చూపినందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. పరిష్కారం కూడా సూటిగా ఉంది: ప్రతి అభ్యర్థనకూ కొత్త పట్టిక.

మన దేశంలో ఈ చరిత్ర సామాన్యుడికి తగిలింది రైలు టికెట్ దగ్గర. ఐఆర్‌సీటీసీ 2002 ఆగస్టులో ఆన్‌లైన్ టికెట్లు మొదలుపెట్టింది. తత్కాల్ వేళ లక్షలమంది ఒకే నిమిషంలో తలుపు తట్టే వ్యవస్థ అది. వివరాలన్నీ కొట్టాక సెషన్ పోయిందన్న సందేశం చూడని తెలుగు కుటుంబం అరుదు. 2014 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త వ్యవస్థ నిమిషానికి 2,000 టికెట్ల నుంచి 7,200కు సామర్థ్యం పెంచింది. ఒకేసారి లోపల ఉండగలవారి సంఖ్య 40 వేల నుంచి 1.2 లక్షలకు పెరిగింది. వివరాలను అప్లికేషన్ సర్వర్ల నుంచి తీసి, చాలా యంత్రాల మెమరీలో పంచి ఉంచే జెమ్‌ఫైర్ లాంటి సాఫ్ట్‌వేర్ అందులో పనిచేసింది.

ఇప్పుడు తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో సర్టిఫికెట్ల నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ దాకా అన్నీ వెబ్ ఫారాలే. తండ్రి ఆదాయం, కులం, బ్యాంకు ఖాతా, మార్కుల మెమో స్కాన్ అన్నీ పెట్టి చివరి బటన్ నొక్కేసరికి 20 నిమిషాలు దాటాయని మొత్తం చెరిపేసే ఫారాలు ఇంకా ఉన్నాయి. ఇంట్లో నెట్ లేక సేవా కేంద్రానికి వచ్చి, మనిషికింత అని డబ్బు కట్టి నింపించుకునే పిల్ల పని అక్కడితో మళ్ళీ మొదటికి వస్తుంది. భద్రత కోసం లాగిన్ ముగించడం అవసరమే, కాదనను. లాగిన్ ముగిసినా నింపిన వివరాలు డేటాబేస్‌లో చిత్తుప్రతిగా ఉండవచ్చు. తిరిగి లాగిన్ అయితే అక్కడినుంచే సాగవచ్చు.

ఇది నా సొంత కోరిక కూడా కాదు. 2008 డిసెంబరులో వచ్చిన అంతర్జాతీయ వెబ్ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.0 ప్రకారం గడువును తీసెయ్యడానికో మార్చుకోవడానికో వీల్లేకపోతే అది ముగిసే ముందు హెచ్చరించాలి, ఒక్క నొక్కుతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. లాగిన్ గడువు తీరి మళ్ళీ లాగిన్ అయినవాళ్ళ వివరాలు పోకూడదని కూడా పైస్థాయి నియమంగా అందులోనే ఉంది. మన కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో ఆ ప్రమాణం ఆధారంగానే వచ్చాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఈ సైట్ల టెండర్లు రాసే అధికారులకు నా విన్నపం ఇది: ఈ రెండు నియమాలనూ షరతుల్లో చేర్చండి, సైటు అప్పగించే రోజున ఒక ఫారం సగం నింపి, సర్వర్‌ను రీస్టార్ట్ చేయించి, మిగతా సగం నింపి చూడండి.